పేరు పెట్టి పాడే పాట

ఆ చలికాలమంతా నా పని, ఒకే మనిషి ఒకే పాటను చాలాసార్లు పాడితే అందులో ఏది ఉంచాలో ఏరడం.

టైడా స్టేషన్‌కు పైన, రోడ్డు వంపులో ఒక పెంకుటిల్లు ఉండేది. సర్వేశ్వరరావు గారు దాన్ని అద్దెకు తీసుకుని, గోడల నిండా గోనెసంచులూ పాత బొంతలూ వేలాడదీసి రికార్డింగ్ గది చేశారు. ఆయన విశాఖపట్నంలో సౌండు పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. కొండ పాటలు పోగుచేసి సీడీలు తెచ్చే పని ఏదో సంస్థ ఆయనకు అప్పగించింది. నాకు కంప్యూటర్ వచ్చు కాబట్టి వానాకాలంలో నన్ను పెట్టుకున్నారు. అది రెండువేల అయిదో సంవత్సరం.

మా వైపు పాడేవాళ్ళకు పాటను మధ్యలో ఆపి మళ్ళీ అందుకోవడం రాదు. "ఇక్కణ్ణించి పాడమ్మా" అంటే తెల్లబోయి చూస్తారు. పైగా ముడి ఇనుము మోసే గూడ్సు బండి ఎప్పుడు పడితే అప్పుడు కింద సొరంగంలోంచి వచ్చి పాట మీదుగా వెళ్ళిపోయేది. అందుకని సర్వేశ్వరరావు గారు లూప్ పెట్టేవారు. పాట నిడివి అవగానే కంప్యూటర్ తనంతట తనే మొదటికి వెళ్ళి మళ్ళీ రికార్డు చేసుకుంటుంది. ఎవరూ ఏ మీటా నొక్కక్కర్లేదు. తెర మీద కొత్త గొంతు గీత పాత గీతను కప్పేస్తూ వస్తుంది. చూసేవాళ్ళకు పాతది చెరిగిపోయినట్టే ఉంటుంది. నిజానికి చెరగదు. అడుగున మడతలో ఉండిపోతుంది. మడత విప్పితే టేకులన్నీ, పాడిన ప్రతిసారికీ ఒకటి చొప్పున, ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి.

పాడేవాళ్ళకు ఆయన ఆ సంగతి చెప్పేవారు కాదు. "ముందుది పోయిందమ్మా, మళ్ళీ పాడు" అనేవారు. "తప్పు పాడింది ఎక్కడో దాగి ఉందని తెలిస్తే గొంతు బిగుసుకుపోతుంది. పోయిందంటే హాయిగా పాడతారు" అని నాతో అన్నారు. కొన్నాళ్ళకు నేనూ అలాగే చెప్పడం మొదలుపెట్టాను.

తర్వాత నేను ఒక్కదాన్నే కూర్చుని మడతలు విప్పేదాన్ని. బాగున్న టేకుకు ఆకుపచ్చ రంగు, అనుమానం ఉంటే పసుపు, పనికిరానిదానికి ఎరుపు. ఒక టేకులోంచి మొదటి చరణం, ఇంకోదాంట్లోంచి రెండోది, వేరే దాంట్లోంచి ఊపిరి తీసుకున్న చప్పుడు కత్తిరించి అతికితే ఒక పాట తయారయ్యేది. అలా ఎవరూ ఎప్పుడూ పాడలేదు. అయినా పాడినావిడకే వినిపిస్తే, "ఆఁ, అలాగే పాడినాను" అనేది.

ఇంట్లో ఉండేది మేమిద్దరం, నేనూ మా అత్త కనకా. నా భర్త ఫల్గుణ, భీముడు మేస్త్రీ జట్టుతో హిమాచల్‌లో సొరంగం పనికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. సంత రోజున అనంతగిరిలో నూకరత్నం కొట్టుకి ఫోన్ చేసేవాడు. మొదట్లో అత్తా నేనూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. నేను పనిలో చేరాక కుదరలేదు, సంతకు దిగిన ఆడవాళ్ళు పాడడానికి వచ్చేదీ ఆ రోజే. అత్త ఒక్కతే వెళ్ళి, నేను పని నించి ఇల్లు చేరే వేళకు తిరిగి వచ్చేది. సంచి దించకుండానే మొదలుపెట్టేది.

"సేసినాడే. సలికి తిరగొద్దన్నాడు నిన్ను. మిరియాల తీగ ఎండిపోతే ఊరుకోనన్నాడు. అక్కడ మంచు ఇంతెత్తున పడతాదట, బాబో!"

ఆ మాటల్ని నేను వారమంతా దాచుకునేదాన్ని. అత్త గొంతులో విన్నవాటిని లోపల ఫల్గుణ గొంతులోకి మార్చుకునేదాన్ని. అదేమంత కష్టం కాదు. మాట ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ నవ్వుతాడో నాకు తెలుసు.

కాఫీ పళ్ళు కోయడం మొదలైన రోజుల్లో మా అన్న వెంకటరమణ వచ్చాడు. పెరట్లో టార్పాలిన్ మీద అత్త పళ్ళు ఆరబోస్తోంది. అన్న అరుగు మీద కూర్చుని, ఆవిడకు వినపడేలాగే అన్నాడు:

"రెండేళ్ళైపోనాది. ఆడొత్తాడా, రాడా? రానంటే రానని సెప్పమను. మనోళ్ళలో మారుమనువు తప్పేటి? నీకేటి, జుట్టు నెరిసిపోనాదేటి?"

"ఫోన్ సేత్తన్నాడు గదన్నా."

"ఫోను! ఫోనుతో కాపరం సేత్తావేటే?"

అత్త పళ్ళ మీంచి తల ఎత్తకుండా నవ్వింది. "మొన్న సంతకి కూడా సేసినాడు, బాబూ. నిన్నడిగినాడు. ఆ దున్నపోతు ఇంకా బతికే ఉన్నాడా అన్నాడు."

అన్న ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పెళ్ళినాటి నించీ ఫల్గుణ మా అన్నను దున్నపోతు అనే పిలిచేవాడు. ఆ మాట వినగానే మనిషే వచ్చి అరుగు మీద కూర్చున్నట్టు అయింది.  అన్న వెళ్తూ వెళ్తూ, "ఎండలొచ్చీదాకా సూత్తాను" అన్నాడు.

ఆ చలికాలంలో నాకు తేలవలసింది ఆ ఒక్కటే. ఫల్గుణ వస్తాడని ఎదురుచూడాలా, వద్దా. అత్త తెచ్చే మాటలు ఉన్నంతకాలం నాకు అనుమానం లేదు.

సర్వేశ్వరరావు గారికి చావుపాట కావాలి. పెళ్ళి పాటలు, నాట్ల పాటలు, ధింసా పాటలు అన్నీ వచ్చాయి. చావుపాట అనేసరికి ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సావు లేకుండా సావుపాట ఏటి, బాబూ?"

"ఊరికే, రికార్డు కోసం."

"పేరెట్టి పాడాల. పేరు లేకుండా ఎవులి కోసం ఏడుత్తాం?"

"ఏదో ఒక పేరు పెట్టండి."

"ఏదో ఒక పేరా! నీ పేరెట్టమంటావేటి?" అని ఒకావిడ అనేసరికి అందరూ గొల్లుమన్నారు. ఆయనా నవ్వబోయి, వాళ్ళ కళ్ళు చూసి ఆగిపోయారు. మా ఊళ్ళో బతికున్న మనిషి పేరు ఆ పాటలోకి రానివ్వరు. ఎంత కక్ష ఉన్నవాళ్ళ పేరైనా సరే. కోపం పట్టలేక మనిషిని నరికినవాళ్ళు ఉన్నారేమో గానీ ఆ పని చేసినవాళ్ళు లేరు.

దారి చూపింది మా అత్తే. "మా ముసిలోడు సోంబరు పోయి సానా కాలమైనాది. ఆడి పేరెట్టి నాను పాడతాను. ఆడేటీ అనుకోడు. బతికున్నప్పుడూ నానేటన్నా అనుకునీవోడు కాదు."

ఆ రోజు పొగమంచు మధ్యాహ్నమైనా వీడలేదు. అత్త కొత్త చీర కట్టుకుని వచ్చి, బొంతల మధ్య చాప మీద కూర్చుంది. మైకుని చూసి, "ఇదేటి, తోటకూర కాడలా ఉన్నాది" అంది. ఆ తర్వాత గొంతెత్తింది.

*సోంబరో, నీ గొడ్డలి సూరులోనే ఉన్నాది,*
*నీ గొంగడి దండెం మీదే ఉన్నాది,*
*నువ్వెక్కడున్నావో సోంబరో...*

పాట సగంలో గూడ్సు వచ్చి పాడుచేసింది. రెండోసారి అత్తకు దగ్గు వచ్చింది. మూడోసారి బాగా వచ్చినా చివరికొచ్చేసరికి తనే నవ్వేసింది. గీత గీతను కప్పేస్తూ పోవడం ఆవిడ కన్నార్పకుండా చూస్తోంది.

"ముందుది పోనాదా?"

"పోయిందమ్మా" అన్నారు సర్వేశ్వరరావు గారు.

"ఇంకెక్కడా లేదు గదా?"

"ఎక్కడా లేదు. నీ ఇష్టమొచ్చినట్టు పాడు."

ఆయన నా వంక చూసి కనుబొమలు ఎగరేశారు. మనిషి ఎదురుగా ఉంటే పాటకు సిగ్గు అని ఆయన నమ్మకం. యంత్రాన్ని తిరగనిచ్చి, పాడేవాళ్ళను గదిలో ఒంటరిగా వదిలేయడం ఆయన పద్ధతి. తను సిగరెట్టు పట్టుకుని వసారాలోకి వెళ్ళారు. మళ్ళీ గూడ్సు ఎప్పుడో కనుక్కురమ్మని నన్ను స్టేషన్‌కు పంపారు. నేను మెట్లు దిగి, కనుక్కుని, టీ తాగి పైకి వచ్చాను. అత్త కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చావుపాట పాడితే అవి అలాగే ఉంటాయి.

"ఉండండి, ఇంకోపాలి పాడతాను" అంది. సోంబరు పేరుతో మొదటినించి చివరిదాకా, అంతకుముందుకన్నా గట్టిగా పాడింది. పాడినంతసేపూ తెర మీంచి చూపు తిప్పలేదు. పాత గీత చివరి ముక్క కూడా కప్పబడిపోయాక లేచి, కుచ్చిళ్ళు దులుపుకుని, "ఇంక పదండి" అంది.

కొన్ని రోజులకు, ఒక పొద్దున్న, ఆ పాట మడత విప్పాను.

టేకులు ఒక్కోటీ వింటూ రంగులు వేసుకుంటూ వస్తున్నాను. గూడ్సు ఉన్నదానికి ఎరుపు. దగ్గు ఉన్నదాన్ని దగ్గు దగ్గర విరిచి, మిగతాదానికి పసుపు. చివరిదానికి ముందు టేకు గీత చూడ్డానికే సన్నగా ఉంది. మైకుకు దూరంగా జరిగిందేమో, అలిసిపోయిందేమో అనుకున్నాను. వినకుండానే ఎరుపు వేయబోయి, ఎందుకో ఒకసారి వినిపించుకున్నాను.

మొదట రాగం మాత్రమే చెవికి వచ్చింది. మంచి రాగం. ఆ తర్వాత పేరు వచ్చింది.

నమ్మలేని మాటను మనసు మొదట మాటగా తీసుకోదేమో. నేను ఆ పేరు విని, అత్త పొరపడింది అనుకున్నాను. ముసలివాళ్ళు మొగుడి పేరూ కొడుకు పేరూ కలిపేసుకుంటారు కదా అనుకున్నాను. పేరు దగ్గర కత్తిరించి పక్క టేకులోంచి సోంబరును తెచ్చి అతికితే సరిపోతుందని కూడా లెక్కవేశాను. పాట మాత్రం నా లెక్క కోసం ఆగలేదు.

*ఫల్గుణా, నా కొడకా, దూరపు కొండ నిన్ను మింగినాది,*
*రాయి మీద పడితే గొంతులో నీళ్ళు పోసినోడు లేడు,*
*నీ మొకం నాకు సూపకుండా మట్టి కప్పీసినారు,*
*నీ పెండ్లాం దారి సూత్తన్నాది, దానికేటి సెప్పను...*

టేకు అయిపోయింది. తెర మీద నిలువు గీత చివరికొచ్చి ఆగింది. అప్పుడు నా చేయి చేసిన పని నాకు స్పష్టంగా గుర్తుంది. అది ఆ టేకు మీద నొక్కి, ఆకుపచ్చ రంగు వేసింది. గొంతు నిలకడగా ఉంది, రైలు లేదు, దగ్గు లేదు. చేతికి తెలిసింది అంతే.

మళ్ళీ వినిపించుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీగ ఊడిపోయి పాట స్పీకర్‌లోంచి వస్తోందని గమనించలేదు. సర్వేశ్వరరావు గారు గుమ్మంలోంచే చేతులు చాచుకుంటూ వచ్చారు.

"ఇదీ! ఇదీ నాక్కావలసింది. ఎక్కడ దాచావమ్మా దీన్ని ఇన్నాళ్ళూ? మిగతావన్నీ పాటలు. ఇది ఏడుపు." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సోంబరు అన్నారు కదా ఆవిడ? ఈ ఫల్గుణ ఎవరు?"

"మా ఆయన సార్."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత దాని దారిన అది వెళ్ళిపోయింది.

"మీ ఆయన హిమాచల్‌లో కదా..."

"అవును సార్."

"మరి..."

"తెలీదు సార్. నేనూ ఇప్పుడే విన్నాను."

ఆయన చేయి చాచి స్పీకర్ గొంతు తగ్గించారు. అప్పటికే పాట ఆగిపోయి ఉంది. లేని చప్పుణ్ణి తగ్గించి, స్పీకర్ మీట మీద వేలు అలాగే ఉంచారు. ఆయన వేలి గోరు కింద నల్లటి మచ్చ ఉంది. ఆ మచ్చను నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఆ పూట అలాంటివి చాలా చూశాను. బొంతల్లో ఒకదాని మీద ఎవరి చీర ముక్కవో చిలకలు ఉన్నాయి. కిటికీ చువ్వల్లో ఒకటి వంకర. ప్రతిదీ అవసరం లేనంత స్పష్టంగా కనిపిస్తోంది. వాటి మధ్య నేనొక్కదాన్నే ఎక్కడున్నానో తెలియడం లేదు.

"తీసేయమంటావా?" అన్నారు మెల్లగా.

"వద్దు సార్."

"పోయిందని ఆవిడతో చెప్పింది నేనే కదమ్మా."

నేను ఊడిపోయిన హెడ్‌ఫోన్స్ తీగ తీసి మళ్ళీ గుచ్చాను.

"ఇంటికి వెళ్ళు ఇవాళ."

"ఇంకా రెండు పాటలున్నాయి సార్" అన్నాను. ఆ రెండు పాటలూ పూర్తిచేశాను కూడా. వాటిలో ఒక్క తప్పు లేదని తర్వాత ఆయనే చెప్పారు. సీడీలో చావుపాట సోంబరు పేరుతోనే వచ్చింది. దాన్ని ఆయన స్వయంగా కూర్చారు, నా చేతికి ఇవ్వలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్త చోడి అంబలి కాచి ఉంచింది. "బేగి తాగే, సల్లారిపోతాది" అంది. అదే గొంతు. గదిలో పొద్దున్న విన్న గొంతూ ఇదీ ఒకటేనని చెవి చెబుతోంది, నేను ఒప్పుకోవడం లేదు. పక్కింటివాళ్ళ కోడి మన పళ్ళు తొక్కేసిందని తిట్టింది. నా అరికాళ్ళు పగిలాయని ఆముదం రాయమంది. నేను ఆవిడ చేతుల్నీ మెడనీ, గుటక వేయడాన్నీ చూస్తూ కూర్చున్నాను. దాచినదాని గుర్తు శరీరంలో ఎక్కడో ఒకచోట ఉంటుందని వెతికాను. ఎక్కడా లేదు. తనకు తెలిసినదాన్ని ఒక మనిషి లోపల ఇంత దూరంగా పెట్టుకోగలదా? లేక నా చెవులే చెడిపోయాయా? హెడ్‌ఫోన్స్‌తో నెలల తరబడి కూర్చునేదానికి ఏదో ఒకటి వినపడుతుందేమో.

నాకు ఏడుపు రాలేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే అది జరిగిపోతుంది.

మర్నాడు పనికి వెళ్తున్నానని చెప్పి అనంతగిరి వెళ్ళాను. సంత లేని రోజు, నూకరత్నం కొట్టులో ఒక్కతే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"మా అత్తకు ఫోన్ వొత్తన్నాదా, పిన్నీ?"

ఆవిడ గింజ తీయడం ఆపింది. "నువ్వే అడుగుతావని సూత్తన్నానే. నాను ఏలు పెట్టకూడదని ఊరుకున్నాను. దసరా ఎల్లినకాడ్నించి ఒక్క ఫోనూ రాలేదు."

"మరి ఆవిడ..."

"వొత్తాది. ఆ బల్ల మీద కూకుంటాది. వొచ్చినోళ్ళతో కబుర్లాడతాది, నవ్వుతాది, బెల్లం రేటు తగ్గించమని నాతో దెబ్బలాడతాది. ఫోను మోగితే సాలు, నోరు మూసేత్తాది. ఎవులికో వొచ్చిందని తెలిసినాక మళ్ళీ మొదలెడతాది. ఎల్లేముందు ఒకపాలి అది ఎత్తి సెవికాడెట్టుకుంటాది. కూత ఇని దించీసి, ఎల్లొత్తానంటాది."

ఫోన్ గల్లాపెట్టె పక్కనే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాతి సంత రోజున, ఒంట్లో బాగాలేదని పనికి వెళ్ళలేదు. పెరట్లో కాఫీ పళ్ళు తిరగేస్తున్నాను. ఆరిన పళ్ళు నల్లబడి గలగలమంటున్నాయి. పొద్దు ఇంకా ఉండగానే అత్త వచ్చింది. ఎప్పటిలా రాగానే మొదలుపెట్టలేదు. సంచి భుజానే ఉంచుకుని టార్పాలిన్ అంచున నిలబడింది.

"ఫోన్ సేసినాడే."

"ఏటన్నాడు?" అన్నాను. అని, ఆ ఒక్క క్షణం నిజంగానే ఆశపడ్డాను. అన్నీ తెలిసి, నూకరత్నం నోట విని కూడా.

"ఆడింక రాడు."

ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. పళ్ళు తిరగేసే కర్ర గట్టిగా పట్టుకున్నాను.

"అక్కడే ఎవుత్తినో సూసుకున్నాడట. ఆ మంచు కొండల గుంట. దాంతోనే ఉంటాడట. నువ్వింక ఆడి కోసం సూడకు. మీ అన్న సెప్పినట్టు ఇను. మంచోణ్ణి సూసి మనువాడు."

గదిలో ఆ టేకు విన్నప్పటికన్నా ఎక్కువగా అప్పుడు నిర్ఘాంతపోయాను. ఆవిడ తలవంచుకుని చెప్పలేదు. నా మొహంలోకి చూస్తూ, దారంతా సిద్ధం చేసుకున్న మాటల్ని ఒక్కటీ తడబడకుండా చెప్పింది.

"ఎలా ఉంటాదట?" అని అడిగాను. అడిగింది నేనేనా అనిపించింది.

"నానేటి సూసినానా? ఎర్రగా ఉంటాదట. పొడుగట."

లేని ఆ మనిషి మీద నాకు మంట పుట్టింది. ఎర్రగా, పొడుగ్గా, మంచులో నిలబడి ఉంది. పక్కన ఫల్గుణ. వాడి మీద కోపం కాళ్ళ నించి తల దాకా పాకింది. ఆ కోపం ఉన్నంతసేపూ వాడు బతికే ఉన్నాడు. అది గ్రహించేసరికి నాకే భయమేసింది. అత్త ఎందుకు అలా చెబుతోందో కూడా అప్పుడే అర్థమైంది. నన్ను వదిలిపెడుతోంది. కొడుకును వదలకుండా నన్ను వదిలిపెట్టే దారి అదొక్కటే దొరికింది ఆవిడకు.

"ఎదవ" అంటోంది అత్త. "నా కడుపున పుట్టినాడు గాని, ఎదవ నాకొడుకు. పెండ్లాన్ని ఒగ్గీసి... ఆడికి సిగ్గు లేదు, ఎగ్గు లేదు. ఆడి మొకం నాను సూడను. ఆణ్ణి..."

"అత్తా, ఆడు అలాటోడు కాడు."

"మగోళ్ళంతా అలాటోళ్ళేనే."

"ఆడు కాడు. ఆణ్ణి తిట్టకు." నా గొంతు మామూలుగానే ఉంది. "ఆడి మీద రాయి పడ్డాది."

అత్త నోరు తెరిచే ఉంది. భుజం మీది సంచి మోచేతికి జారి, అక్కణ్ణించి నేల మీదకు జారింది. ఉల్లిపాయలు కాఫీ పళ్ళలోకి దొర్లాయి. ఆవిడ వాటిని ఏరడానికన్నట్టు వంగి, వంగినది వంగినట్టే కూర్చుండిపోయింది.

"భీముడు సెప్పీసినాడా నీకు?"

"నువ్వే సెప్పినావు. పాటలో."

చాలాసేపటికి గాని అందలేదు ఆవిడకు. "అది తుడిసీసినాను గదే! దాని మీదనించి మళ్ళీ పాడినాను. గీత పోడం నా కళ్ళతో సూసినాను."

"పోదత్తా. అడుగున ఉంటాది."

"ఎవులెవులు ఇన్నారు?"

"నేను, సారు."

అత్త తల ఊపింది. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. దసరా వెళ్ళిన మొదటి సంతలో భీముడు కనిపించాడట. సొరంగంలో పేలుడు పెట్టాక పైకప్పు ఊడిపడిందట, అక్కడే మట్టి చేసేశారట. "బేగి బేగి సెప్పీసి బస్సెక్కీసినాడు. నీ కోడలికి నువ్వే సెప్పుకో అన్నాడు. నడిసి ఇంటికొచ్చినాను. నువ్వు గుమ్మంలో నిలబడి, ఏటన్నాడత్తా అన్నావు. బాగున్నానన్నాడని అనీసినాను. నా నోటంట ఆ మాట అంటే అప్పుడు సచ్చిపోతాడనిపించినాది."

"మరక్కడ పాడినావేం?"

"పాడకపోతే ఆడికి దారెలా దొరుకుతాదే?" అంది, ఇంత తెలియదా అన్నట్టు. "తల్లి పాడాల. పాడితే ఊరికి తెలుత్తాది. నీకు తెలుత్తాది. ఆ పెట్టె తుడిసేత్తాదని ఆ బాబు సెప్పినాడు. ఎవులూ ఇనకుండా ఒక్కపాలి పాడీసి, తుడిసీద్దామనుకున్నాను. ఆడికి దారీ దొరుకుతాది, ఇక్కడ ఆడు ఉన్నట్టే ఉంటాది."

మర్నాడు ఊరికి చెప్పాము. ఆడవాళ్ళంతా వచ్చారు, మా అన్న వచ్చాడు, జరగవలసినవి జరిగాయి. నేను పుట్టింటికి వెళ్ళలేదు, ఆ ఏడు మారుమనువు మాట ఎవరూ ఎత్తలేదు. కానీ నాకు ఆ చలికాలమంటే ఆ సాయంత్రమే. పళ్ళలో పడ్డ ఉల్లిపాయల్ని ఇద్దరం ఏరుతున్నాము. ఏదో ఒకటి అడగకపోతే ఊపిరి ఆడదనిపించి అడిగాను.

"మా అన్నని దున్నపోతన్నది ఆడేనా?"

"అది... నానే."

"మిరియాల తీగ సంగతి?"

"అది ఆడే. వానల్లో అన్నాడు." ఉల్లిపాయ చేతిలో పట్టుకుని ఆగింది. "కాదే. నానే అనుంటాను. తీగ అప్పుడు బాగానే ఉన్నాది గదా."

"సలికి తిరగొద్దన్నది?"

ఈసారి చాలాసేపు ఆలోచించింది. నుదురు ముడిపడింది. నిజంగా వెతుకుతోంది, నాకోసం.

"తెలీటం లేదే. సంతలోంచి వొచ్చేటప్పుడు ఆడైతే ఏటంటాడా అనుకుంటూ నడిసేదాన్ని. సగం దారికొచ్చేసరికి ఆడి గొంతే ఇనపడీది. ఇంటికొచ్చి అదే నీకు సెప్పీదాన్ని. ఏది ఆడిదో, ఏది నాదో ఇప్పుడు నాకే తెలీటం లేదు."

నేను టార్పాలిన్ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. "మొదటినించి సెప్పు. నేను పనిలో సేరినకాడ్నించి" అన్నాను.

చెప్పింది. వెలుతురు ఉన్నంతసేపూ ఒక్కో సంతా, ఒక్కో మాటా చెప్పింది. నేను కళ్ళు మూసుకుని, నా పనిలో ఎలా వింటానో అలా విన్నాను. ఒక్కటీ తీసెయ్యలేకపోయాను.